సాక్ష్యం పచ్చగా ఉంది

“సూడు దొరా, మంచిగ సూడు! ఇంకేం సాక్ష్యం గావాలె?” అన్నాడు పటేలు దశరథ, సుక్కమ్మ నారుమడి గట్టు మీద నిలబడి.

జమేదారు వంగి నారు నిమిరాడు. పోలీసు యాక్షన్ అయ్యాక మద్రాసు నుంచి ఇబ్రహీంపట్నంలో దిగిన పోలీసు క్యాంపుకు ఆయనే పెద్ద. సొంతూరు నెల్లూరు వైపు.

“నారు పచ్చగా ఉండటం కూడా నేరమేనా పటేలు గారూ?”

“ఈ పుష్యమాసంల నేరమే. మీ దిక్కు ఇంత సలి ఉండదు, మీకు తెల్వదు. ఎనిమిది దినాల సంది సలి ఇరగ్గొడుతున్నది. మడిల నీళ్లు మంచులెక్క అయితున్నయి. ఏర్లు బిగుసుకపోయి తిండి గుంజుతలెవ్వు. ఆకుల పచ్చదనమే పుడ్తలేదు. ఊరి నారంత తెల్లగ పాలిపోయింది.”

“మరి ఇది?”

“గదే అడుగుతున్న! నారు బతకాల్నంటే పొద్దుగూకంగ మడిల నీళ్లు తీసెయ్యాలె. తెల్లారకముందే ఎడ్లతోని మోట గొట్టి బాయిల గోరువెచ్చటి నీళ్లు పెట్టాలె. తాడు గుంజి ఆకుల మీది మంచు దులపాలె. మా ఊర్ల ఆడిది మోటదారి ఎక్కది దొరా. ఈమె మొగడు ఎల్లస్వామి కమ్యూనిస్టుల దళంల గలిసి ఏడాదాయె. మరి మోట ఎవలు గొడుతున్నరు?”

సుక్కమ్మ మోట వైపు చూసింది. పటేలు ఎంత పాపిష్టివాడైనా వ్యవసాయం తెలిసినవాడు, అదే వచ్చిన చిక్కు. ఎల్లస్వామి రాచకొండ గుట్టలు దిగి ఆ తెల్లవారుజామునే వచ్చి వెళ్లాడు. రేపూ వస్తాడు. రావద్దని చెప్పే దారి లేదు. ఇక్కడ పోలీసులు మాటేస్తే మోటదారి మీదే పడిపోతాడు.

జమేదారు ఒక కానిస్టేబుల్ని పిలిచాడు. “ఊళ్లో నారుమళ్లన్నీ చూసి రా. ఈయన చెప్పింది నిజమో కాదో తేలుతుంది.”

కానిస్టేబులు పరుగున పోయాడు.

“నేనే గొడుతున్న!” అంది సుక్కమ్మ గొంతు పెంచి. “నలుగురు సూస్తె నవ్వుతరని సీకట్ల గొడుతున్న. నారు సస్తె నా పిల్లలకు యాసంగి బువ్వేది?”

“అయితే ఇప్పుడు కొట్టమ్మా, చూద్దాం.”

ఆమె ముల్లుకర్ర అందుకుంది. పుట్టి బుద్ధెరిగి మోటదారి తొక్కింది లేదు. ఎడ్లు ముందుకైతే ఎవరు తోలినా నడుస్తాయి. బొక్కెన బావిలోకి దిగాలంటే వెనక్కి నడవాలి, ఆ నడక వాటికి ఎల్లస్వామి గొంతుకే వస్తుంది. అదిలించింది, తిట్టింది, బతిమాలింది. ఎట్టకేలకు నాలుగడుగులు వెనక్కి వేసి, పక్కకు తిరిగాయి. మోకు మెలిపడింది. బొక్కెన బావి గోడకు కొట్టుకుని బోర్లా పడింది. చుక్క నీరు పైకి రాలేదు.

పటేలు కడుపు పట్టుకుని నవ్వాడు. “నీ ఎడ్లకే నువ్వెవలో ఎరుక లేదు గదనే సుక్కీ!”

జమేదారు నవ్వలేదు. జేబులోంచి కాగితం తీసి నాలుగు ముక్కలు రాశాడు. “నారు పచ్చగా ఉంటే మగమనిషి వస్తున్నట్టేనని మీ మాటగా రాశాను. సంతకం చెయ్యండి. ఈ రాత్రి నుంచే ఇక్కడ కాపలా పెడతాను. మనిషి కనబడితే కాల్చమనే మాకు ఆర్డరు.”

సుక్కమ్మ ఒక్క ఉదుటున మడిలోకి దూకింది. రెండు చేతులా నారు పీకి గట్టు మీదికి విసిరింది. “పీకేస్త దొరా! నారే లేకుంటె ఎవలొస్తరు? కాపలా ఎందుకు? మొత్తం పీకేస్త!” పిచ్చిదానిలా పీకుతూనే ఉంది. ఏడుపు ఆగలేదు, చేతులూ ఆగలేదు.

“ఆగమ్మా! అన్నం పెట్టే నారది!” జమేదారు ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

పటేలుకు ఇవేవీ పట్టలేదు. కాగితం మోకాలి మీద పెట్టుకుని కలం తెరిచాడు.

అప్పుడే కానిస్టేబులు రొప్పుతూ వచ్చాడు. “పటేలు గారు చెప్పింది నిజమే సార్. ఊళ్లో నారంతా సున్నం కొట్టినట్టుంది. పచ్చగా ఉన్న మడి ఇంకొక్కటే, తూర్పు బావి కింద. దీనికన్నా ఏపుగా ఉంది.”

“ఎవరిది?”

“పటేలు గారిదే.”

కలం ఆగిపోయింది.

జమేదారు తాపీగా ఆయన వైపు తిరిగాడు. “ప్రాణభయమని మీరు నెల రోజులుగా మా క్యాంపు వదల్లేదు. ఇవాళే బయటికొచ్చారు, అదీ మా తుపాకుల మధ్య. జీతగాళ్లంతా పని మానేశారని మీరే చెప్పారు. మరి మీ మోట ఎవరు కొడుతున్నారండీ?”

“ఏమో… ఇంట్ల నా పెండ్లాం మాణిక్యమ్మ ఒక్కతే…” అని పటేలు నాలుక కరుచుకున్నాడు.

గుట్టల్లో మీకు తిండి ఎవరు పెడుతున్నారని అడిగినప్పుడల్లా ఎల్లస్వామి ఎందుకు నవ్వి ఊరుకునేవాడో సుక్కమ్మకు అప్పుడర్థమైంది. తల వంచుకుని, పీకిన నారు ఏరుకోసాగింది.

పటేలు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకున్నాడు.

“కొన్ని మళ్లు వాటంతటవే పచ్చగుంటయి దొరా,” అన్నాడు.