సోలార్ పని ఇంకెన్నాళ్లు?

"ఇంకెన్నాళ్లు బాబూ?" అంది లోవలక్ష్మి, ఉప్మా ప్లేటు వేణుమాధవ్ చేతికిస్తూ.

"పానెల్స్ పెట్టుడు రెండు రోజుల పనే ఆంటీ. అది ఎప్పుడో అయిపాయె. ఈ మీటర్‌తోనే పరేషాన్. జెర ఓపిక పట్టండి."

"నీ జెర ముగిసేసరికి మా పుణ్యకాలం కాస్తా గడిచిపోయేలా ఉంది."

అతను నవ్వేసి ఉప్మాలో జీడిపప్పు వెతుక్కున్నాడు.

సైనిక్‌పురిలో ఆ ఇంటి డాబా మీద సోలార్ పలకలు వానలకి ముందే ఎక్కాయి. కిందికి మాత్రం కరెంటు దిగలేదు. ఇల్లు పీకి పందిరేసినట్టుంది. వైరు పైపు కోసం హాలు గోడలో చెక్కిన గాడి నోరు తెరుచుకునే ఉంది. ఇన్వర్టరు సోఫా పక్కన, అట్టపెట్టెలోనే. మీటరు బిగిస్తేగానీ గాడి పూడ్చకూడదట. గాడి పూడిస్తేగానీ రంగులు వేయించలేం. రంగులు వేయిస్తేగానీ పెళ్లివారిని రమ్మనలేం.

లోవలక్ష్మి బెంగంతా ఆ పెళ్లివారి గురించే. విశాఖ సంబంధం. తమ్ముడు కన్నబాబు చూసిపెట్టాడు. మన వైపువాళ్లు, మనవాళ్లు. కుర్రాడు పోర్టులో ఇంజనీరు. వచ్చిన ప్రతి సంబంధానికీ వంక పెట్టే కూతురు దేవిక ఈసారి కిమ్మనలేదు.

"సోలార్ పని అయిపోనీ అమ్మా. ఇల్లు శుభ్రంగా ఉన్నప్పుడే రమ్మందాం," అంది.

మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే పిల్లకి ఇంటి పరువు గుర్తొచ్చినందుకు తల్లి మురిసిపోయింది. శ్రావణంలో పెళ్లిచూపులు పెట్టుకుందామనుకుంది. శ్రావణం దాటిపోయింది.

వేణుమాధవ్‌ని మొదట వెంటబెట్టుకొచ్చింది ఆవిడ భర్త తాతబ్బాయే. "సోలార్ పని చూసుకునే కుర్రాడు," అన్నాడు. అప్పట్నుంచి శని, ఆదివారాలు వస్తున్నాడు. మిగతా రోజులు వేరే సైట్లుంటాయట. చెప్పులు బయట విప్పుతాడు. డాబా ఎక్కి చూసి దిగుతాడు. వద్దన్నా వినకుండా తిన్న ప్లేటు తనే కడిగి బోర్లిస్తాడు. అతనున్నంతసేపూ దేవిక గదిలోంచి బయటికి రాదు. పరాయివాళ్ల ముందుకి రాని పిల్లని పెంచానని లోవలక్ష్మికి అదో గర్వం.

"ఏవండీ, మీరైనా గట్టిగా అడగరేం?" అంది ఓ రోజు భర్తతో.

"కరెంటాఫీసు వ్యవహారం లోవా. రైల్వేలో చేసినవాణ్ణి, నాకు తెలీదా? ఫైలు దాని ఇష్టమొచ్చినప్పుడే కదులుతుంది. ఆ కుర్రాణ్ణి మాత్రం ఏమీ అనకు."

"కుర్రాడికేం, బంగారం. వాళ్ల కంపెనీయే దరిద్రం."

తాతబ్బాయి పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

రానురాను ఆవిడ తన కష్టసుఖాలు కూడా వేణుమాధవ్‌కే చెప్పుకోసాగింది.

"విశాఖవాళ్లు తొందరపడుతున్నారు బాబూ. వాళ్లకి అనకాపల్లిలో ఇంకో సంబంధం ఉందట."

"అట్లనా! ఎప్పటిదాకా ఆగుతరంట ఆంటీ?"

"దసరా దాకా చూస్తారట. ఆపైన మా ఖర్మ."

అతను చెంచా పక్కన పెట్టాడు. "పక్కా దసరా వరకేనా?"

"మా తమ్ముడితో అలాగే అన్నారట."

"మీరేం ఫికర్ చేయకుండ్రి ఆంటీ. అంతా మంచిగనే అయితది."

సొంత తమ్ముడు కూడా ఇంత శ్రద్ధగా వినడు. మర్నాడు ఉప్మాలో ఇంకో గరిటెడు నెయ్యి పోసింది.

దసరా వచ్చింది, వెళ్లింది. గోడలో గాడి అలాగే ఉంది. ఆ శనివారం పొద్దున్నే కన్నబాబు ఫోన్ చేశాడు.

"ఇంక వదిలేయ్ అక్కా. వాళ్లు అనకాపల్లి పిల్లకి తాంబూలాలు పుచ్చేసుకున్నారు."

లోవలక్ష్మి పొయ్యి కట్టేసింది. కట్టుచీరతోనే ఆటో ఎక్కి కార్ఖానా ఏరియాలో ఉన్న సోలార్ కంపెనీ ఆఫీసుకి వెళ్లింది. మేనేజరు రిచర్డ్ కుర్చీ చూపించాడు. ఆవిడ కూర్చోలేదు.

"మీ మూలంగా మా పిల్ల సంబంధం తప్పిపోయింది. రెండు రోజుల పనికి ఇన్ని నెలలేటండీ? మీ ఇళ్లల్లో ఆడపిల్లలు లేరా?"

రిచర్డ్ కంప్యూటర్ వైపు చూశాడు. తర్వాత ఆవిడ వైపు చూశాడు.

"మేడమ్, మీ మీటరు వచ్చి చాన్నాళ్లయింది. లోపలే ఉంది. లైన్‌మన్‌ని తీసుకొస్తే ఒక్క పూట పని. ఫోన్ చేసినప్పుడల్లా మీ సారే ఇప్పుడొద్దంటున్నారు."

"మా ఆయనా?"

"అవును మేడమ్. ఇంకొన్నాళ్లు ఆగండి, ఆగండి అంటారు."

"మరి మీ వేణుమాధవ్ ప్రతి వారం వచ్చి, ఇదిగో అదిగో అని..."

"ఆ పేరుతో మా దగ్గర ఎవరూ లేరు మేడమ్."

ఎలా వెనక్కొచ్చిందో ఆవిడకే తెలీదు. గుమ్మం ముందు అతని చెప్పులున్నాయి. లోపల వేణుమాధవ్, తాతబ్బాయి ఎదురెదురుగా కూర్చుని టిఫిన్ తింటున్నారు. దేవిక పచ్చడి వడ్డిస్తోంది.

ముగ్గురూ ఒక్కసారే ఆవిడని చూశారు. వేణుమాధవ్ లేచి నిలబడ్డాడు.

"లోవా, ముందు కాసిని మంచినీళ్లు తాగు," అన్నాడు తాతబ్బాయి. "నీకు ముందే చెబితే ఇతన్ని గుమ్మం తొక్కనిచ్చేదానివా?"

ఆవిడ వేణుమాధవ్‌నే చూస్తోంది.

"నా చేతి తిండి తింటూ, నా ఎదురుగా కూర్చుని... వచ్చినప్పుడల్లా అడిగాను కదయ్యా, ఎన్నాళ్లు పడుతుందని!"

"నేను చేసుకోబోయేది ఇతన్నేనమ్మా," అంది దేవిక, పచ్చడి గిన్నె కింద పెడుతూ, "విశాఖవాళ్లు ఎప్పటిదాకా ఆగుతారో నువ్వే చెప్పావు కదా, సోలార్ పనికి అన్నాళ్లే పట్టింది."