బూరెకు తొలిముద్ద

పొద్దున్నే స్మార్ట్ పంజరం అరిచింది. "బూరెకు విరేచనాలు! తోకంతా తడిసింది. డాక్టరుగారికి కబురు పెట్టాను. దీనికి ఎవరేం పెట్టారు?"

బూరె హన్విక పెంచుకుంటున్న హ్యామ్‌స్టర్, ఎలుకలాంటి బుల్లి ప్రాణి. ఆమె చూపు తిన్నగా తాతయ్య మీద పడింది.

"మామిడికాయ పప్పన్నమే తల్లీ! తొలిముద్ద ఇంకో ప్రాణికి పెట్టందే నాకు మింగుడుపడదు. కాకులకు పెడదామంటే ఈ ఎనభయ్యో అంతస్తులో కిటికీలు తెరుచుకోవాయె."

డాక్టరు వచ్చి చుక్కల మందు వేసి, "మూడు రోజులు ఎండు గింజలు, నీళ్లు మాత్రమే" అన్నారు.

"అది తిననిది నేనెలా తింటాను?" అంటూ తాతయ్య కూడా మూడు రోజులూ వేయించిన జొన్నలే నమిలాడు.

నాలుగో రోజు పంజరం హుషారుగా పలికింది. "బూరె కోలుకుంది. తాతగారి షుగరూ దిగింది. ఇద్దరికీ ఇదే కొనసాగించమంటారా?"

"నోర్ముయ్!" అన్నాడు తాతయ్య. ముందు ఒక జొన్నగింజ బూరెకు అందించి, అప్పుడు పప్పన్నం కలుపుకున్నాడు.