నీళ్లు వస్తాయా?

"ఇక్కడ నీళ్లు బాగా వస్తాయా అండీ?"

ఇల్లు చూడటానికి వచ్చిన సుస్మిత, గేటు బయట నిలబడ్డ పెద్దాయనను అడిగింది. గళ్ల లుంగీ, నెరిసిన గడ్డం, చేతిలో చిన్న పెయింటు డబ్బా.

"వస్తాయమ్మా. బాగా వస్తాయి." ఆయన ఇంటివైపు చూశాడు. "మీ ఇంట్లో లేవలేనోళ్లు ఎవరన్నా ఉన్నారా?"

"మా అత్తగారండి. తుంటి విరిగి మంచంలోనే ఉంటారు."

"అయితే కొనేముందు ఒక్కమాట తల్లీ..."

"ఏయ్ బాషా! వచ్చినోళ్లనల్లా పట్టుకుంటావేంది? పో!" బ్రోకర్ సతీష్‌బాబు లోపల్నించి అరిచాడు.

పెద్దాయన తల దించుకుని వెళ్లిపోయాడు.

నవీన్‌బాబు భార్యను కసిరాడు. "ఇంట్లో ఎవరున్నారో దారినపోయేవాళ్లకి చెప్పేస్తావా?"

"నీళ్లు వస్తాయా అని అడిగా. అంతే."

నవీన్‌బాబు అన్నీ చూసుకునే మనిషి. నందిగామ శివార్లలోని ఆ కాలనీకి వారంలో మూడుసార్లు వచ్చాడు. వీధి దీపాలు వెలుగుతున్నాయా అని చూశాడు. సీసీ కెమెరాలు చూశాడు. పోలీస్ స్టేషన్ ఎంత దూరమో బండి మీద వెళ్లి మరీ చూశాడు. ఇళ్ల వెనక తుమ్మచెట్లు, వాటి వెనక ఇసుకలో సన్నగా పారే మున్నేరు.

అమ్మకి చల్లగాలి అనుకున్నాడు. కొన్నాడు.

గృహప్రవేశమైన మూడో రోజు గేటు స్తంభం పైకొసన ఎర్రటి అడ్డగీత కనిపించింది. వీధిలో ఇంకో రెండిళ్లకీ ఉంది. రెండింట్లోనూ మంచాన పడ్డ ముసలివాళ్లే.

"దొంగల గుర్తు! వాట్సాప్‌లో రోజూ వస్తోంది చూడట్లా?"

"పక్కింటివాళ్లని అడుగుదామండీ."

"వాళ్లకేం తెలుసు?"

ఆ సాయంత్రమే నవీన్‌బాబు, పెయింటు డబ్బాతో తిరిగే బాషాను వీధిలో పట్టుకున్నాడు. "ఇంకోసారి ఈ కాలనీలో కాలు పెట్టావంటే స్టేషన్లో ఉంటావ్!"

"పెట్టన్లే బాబూ. ఆ గీత మాత్రం ఉంచు. నీళ్లొచ్చినప్పుడు..."

"నీళ్లు రోజూ వస్తున్నాయిలే. పో!"

గీత స్టూలెక్కితేగాని అందలేదు. ఇంత పైన ఎందుకు పెట్టాడో నవీన్‌బాబుకి అర్థం కాలేదు. తెల్లరంగు రెండుసార్లు పూశాడు.

ఆగస్టు చివర్లో మూడు రోజులు వాన విడవలేదు. నాలుగో రోజు పొద్దున్నే మున్నేరు ఇంట్లోకి వచ్చింది.

మోకాళ్లు. నడుము.

తల్లి భారతీదేవిని డైనింగ్ టేబుల్ మీదికి చేర్చారు. మేడమెట్లు బయట ఉన్నాయి. అక్కడ వరద మనిషిని నిలవనివ్వడం లేదు.

"నన్నొదిలేసి మీరు పైకి పోండిరా" అంటూనే ఉంది ఆమె.

కిటికీలోంచి పడవ కనిపించింది. ఇద్దరూ గొంతు చించుకుని అరిచారు. వాన హోరులో వినపడలేదు. పడవలోని మనిషి గేటు స్తంభం వైపు చూశాడు. తెడ్డు వేసి పక్క వీధికి మళ్లాడు.

పడవ తిరిగొచ్చేసరికి టేబుల్ మునిగిపోయింది. కొడుకు చేతుల్లో భారతీదేవి చల్లబడి ఉంది.

పడవ నడిపే స్తెఫను నెత్తి కొట్టుకున్నాడు.

"ఎర్రగీత లేదు గదా సార్! లేవలేనోళ్లున్న ఇళ్లకి బాషాగారు గీత పెడతాడు. మేం ముందు వాటికే పోతాం. నీళ్లలో కూడా కనపడాలని పైన పెడతాడు. ఈసారి ఆయన కూడా లేకపోయె. ఎవరో కాలనీలోకి రావొద్దన్నారంట, ఊరొదిలి కూతురింటికి పోయాడు."

నవీన్‌బాబు కిటికీలోంచి తెల్లటి గేటు స్తంభం వైపు చూశాడు.

"నీళ్లు వస్తాయా అని నేను అడిగానండీ" సుస్మిత గొణిగింది. "వస్తాయనే చెప్పాడు."

"చెప్పకేం చేస్తాడమ్మా" అన్నాడు స్తెఫను, గదిలోకి చూస్తూ. "పోయిన వరదకి ఈ ఇంట్లో అద్దెకున్నది ఆయనే, మంచంలో ఉన్న భార్య షాజాదిని ఈ గదిలోనే పోగొట్టుకున్నాడు."