మరికాస్త పదును

పత్రికలో మ్యూజిక్ స్పీకర్ల బాగోగులు రాసే పెద్దాయన తన ఇంట్లో కళ్లు మూసుకుని పాట విన్నాడు. పాట వినిపిస్తున్న ఆ నడుమెత్తు టవర్ స్పీకర్లను తయారుచేసిన అమ్మాయి గోడవారగా నిలబడింది.

“బేస్ బాగుందమ్మా. పాటలో చిరుగంటల మోతే ఇంకా మొద్దుగా ఉంది. మరికాస్త పదును పెంచు.”

“ఇప్పటికే రెండుసార్లు పెంచాను సార్.”

వంటింట్లోంచి ఆయన భార్య చెవులు మూసుకుని వచ్చింది. “ఆపండి బాబూ! చెవుల్లో సూదులు గుచ్చుతున్నట్టుంది. మొదట తెచ్చిన జత ఎంత హాయిగా ఉండేది!”

ఆయన చెవుల్లో ఏ సూదీ గుచ్చుకోలేదు. మెల్లగా వాటిని తడుముకున్నాడు.

“ఆ మొదటి జతే పట్రామ్మా. దాని గురించే రాస్తాను,” అన్నాడు, తలెత్తలేక.

“దాన్ని కోసేసే ఇవి చేశాను సార్.” అమ్మాయి తన చెవుల్లోంచి దూది తీసింది. “మీ అంతటివారు చెప్పాక, లోపం నా చెవుల్లోనే ఉందనుకున్నాను.”