ఆరుతున్న విల్లు

ఇచ్చిన రొట్టెను ముసలాయన తినలేదు. కుంటుకుంటూ రోడ్డు దాటి, తీసుకెళ్లి కుక్కలకు వేశాడు.

అది చూసి ఓంకార్‌కు ఒళ్లు మండిపోయింది.

"చూసినవా నీలమ్మా! ఆకలంటుండని రొట్టె ఇస్తే కుక్కలను మేపుతుండు."

ఎదురుగా చాయ్ బండి నడిపే నీలమ్మ గ్లాసులు కడుగుతూ నవ్వింది. "నీకెందుకు ఫికర్? ఇచ్చినంక అది ఆయన రొట్టె."

ఫికర్ లేకేం? షెడ్డులో విల్లు ఆరుతోంది.

మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌కు అద్దాలు బిగిస్తున్న రోజులవి. ఆ చుట్టుపక్కలే లేచిన మరో కంపెనీ భవనంలో, అడుగు పెట్టగానే ఎదురయ్యే గోడ మీద ఓంకార్ విల్లు ఉండబోతోంది. అది వెదురు బద్దను వంచి తాడు కట్టిన విల్లు కాదు. లోపలి వైపు బర్రె కొమ్ము, నడుమ కర్ర, వీపు మీద దంచి పోగులు తీసిన బర్రె కాళ్ల నరాలు. వాటన్నిటినీ పట్టి ఉంచేది తోళ్లు ఉడకబెట్టి తీసిన బంక. అతికించడానికి నెలలు పడితే, ఆరడానికి అంతకు రెట్టింపు పడుతుంది. గాలి ఆడాలి, ఎండ తగలకూడదు. అందుకే ఆ భవనం దగ్గరే వేసుకున్న షెడ్డుకు చుట్టూ తడకలే తప్ప గోడలు లేవు.

"కింద ఇత్తడి రేకు మీద మీ గురువుగారి పేరు చెక్కిస్తామండి" అని మేనేజర్ రవికిరణ్ మాట ఇచ్చాడు. "కానీ ప్రారంభోత్సవం నాటికి విల్లు గోడ మీద ఉండాలి. లేదంటే మావాళ్లు ఆగరు."

ఓంకార్‌కు కావలసింది కూడా ఆ పేరే. బాలానగర్ కార్ఖానాలో లేత్ మిషన్ తిప్పుకునే తనను పిలిచి ఈ విద్య నేర్పిన వెంకటనారాయణ పోయి ఏడాది కాలేదు. అంత పనిమంతుడి పేరు బతికుండగా ఎవడూ ఎక్కడా రాయలేదు. ఆయన విల్లును బాలానగర్‌లో అతికించి, ఆరబెట్టడానికి మాత్రం ఊరికి తీసుకుపోయేవాడు. ఆరాక తెచ్చి చేతిలో పెట్టేవాడు. ఆ మధ్యలో ఏం జరిగేదో ఓంకార్ ఎన్నడూ చూడలేదు, అడగనూ లేదు.

ఇక ఈ ముసలాయన ఎక్కడి నుంచి ఊడిపడ్డాడో! ఎండలు ముదిరే వేళకు వచ్చి షెడ్డు ముందు బండ మీద కూర్చున్నాడు. మూగవాడు. చేతిలో నిలువెత్తు కట్టె. విల్లును చూపించేవాడు, తన నోటిని చూపించేవాడు, నమిలినట్టు దవడలు ఆడించేవాడు.

"ఆకలైతుందేమో, పాపం" అంది నీలమ్మ.

ఓంకార్ కూడా అట్లాగే అనుకున్నాడు. రోజూ రొట్టె ఇచ్చాడు. అది రోజూ రోడ్డు అవతల కుక్కల పాలైంది. ఓంకార్ కూకట్‌పల్లిలో ఇంటికి పోయి పొద్దున్నే వచ్చేసరికి, అదే బండ మీద అదే కట్టెతో ముసలాయన కూర్చుని ఉండేవాడు.

ఒకరోజు ఓంకార్ చాయ్ తాగి వెనక్కి తిరిగేసరికి ముసలాయన షెడ్డు లోపల ఉన్నాడు. విల్లు పక్కన నిలబడి కట్టె ఎత్తాడు. తడక సందులోంచి కుక్క ఒకటి బయటికి దూకింది.

ఓంకార్‌కు ఇంకేం కనిపించలేదు.

"కుక్కలకు రొట్టె మప్పి షెడ్డులకే తెచ్చినవా? సంవత్సరం కష్టమిది!"

కట్టె గుంజుకున్నాడు. రెక్క పట్టుకుని, బాలానగర్ వైపు పోతున్న సిమెంటు లారీ ఎక్కించాడు. ముసలాయన లారీలోంచే విల్లును చూపించాడు. దవడలు ఆడించాడు. కళ్ల నీళ్లు పెట్టుకున్నాడు.

"తినుడు, తినుడు! ఎప్పుడు జూడు తినుడేనా?"

"కట్టెన్నా ఇయ్యి ఓంకారూ. కుంటి మనిషి" అని నీలమ్మ అరిచింది.

"ఇస్తే మల్ల వస్తడు."

వారం తిరగలేదు. ఒక పొద్దున ఓంకార్ వచ్చేసరికి తడక పక్కకు పడి ఉంది. విల్లు రోడ్డు మీద ఉంది. వీపు మీది నరాలు పోగు మిగలకుండా పోయాయి. కొమ్ము మీద పళ్ల గాట్లు. ఒక కుక్క ఇంకా బంక నాకుతోంది.

ఓంకార్ మట్టిలో కూలబడి ఏడ్చాడు.

ప్రారంభోత్సవం ఆగలేదు. గోడ మీద నాటకాల సామాను దుకాణం నుంచి తెచ్చిన అట్ట విల్లు వెలిసింది. దాని కింద, ముందే చేయించిన ఇత్తడి రేకు మీద వెంకటనారాయణ పేరు మెరిసింది.

"ఆ రేకు తీసెయ్యుండ్రి సార్. మీకు దండం పెడ్త."

"బాగానే ఉంది కదండీ. ఉండనివ్వండి" అంటూ రవికిరణ్ అతిథుల వైపు వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు గురువు భార్య బుచ్చమ్మ షెడ్డుకు వచ్చింది.

"ఇంట్ల సావైంది బిడ్డా. దినాలు చేసి ఇప్పుడొచ్చిన. విల్లు ఆరిందా?"

ఓంకార్ తల దించుకున్నాడు. "కుక్కలు తిన్నయమ్మా."

"కుక్కలా? కుక్కలెట్లొచ్చినయ్?"

ఆమె చూపు మూలకు పోయింది. అక్కడున్న కట్టెను తీసుకుని, పట్టుకునే చోట అరిగిన నునుపును వేళ్లతో తడిమింది.

"గిది ఈడుందా? ఇది లేకుంట గంత ఎండల కుంటుకుంట ఇల్లు చేరిండు. మంచం పట్టినోడు మల్ల లేవలే."

"ఎవరమ్మా?" అన్నాడు ఓంకార్.

"మీ గురువు నీకు చెప్పనే లేదా? మా ఇంట్ల విల్లు చేసేటోడు తమ్ముడు, ఆరేదాక దాన్ని కుక్క ముట్టకుంట కాసేటోడు అన్న. ఆయన లేకున్నా ఆయన శిష్యుని విల్లు ఆగం గావద్దని, మా బావ ఐలయ్యను నీ కాడికి నేనే పంపిన బిడ్డా."