అరగంట ముందే

"నిద్రపోతున్న పిల్లాణ్ణి ఎవరైనా లేపుతారా? నీకేమన్నా మతి పోయిందా అమ్మాయ్?"

పక్క సీటు మామ్మగారు గొంతు తగ్గించకుండానే అడిగారు. కిటికీ దగ్గర కూర్చున్న ఆ తల్లి ఒళ్ళోని ఆర్నెల్ల పిల్లాడి అరికాలి మీద మళ్ళీ వేలితో గీసింది. వాడు మొహం చిట్లించి, కళ్ళు తెరిచి, విమానం మొత్తానికీ వినిపించేలా రాగం అందుకున్నాడు.

"అయిపోయింది!" అటు చివర సీటాయన ఒళ్ళోని ల్యాప్‌టాప్ టప్పున మూశాడు. "ఇప్పుడేగా వాడు పడుకున్నాడని ఊపిరి పీల్చుకున్నాం. ఇదేం సరదా అమ్మా?"

"ఏమీ అనుకోకండి అన్నయ్యా."

ఆమె పిల్లాణ్ణి భుజాన వేసుకుంది. వాడు ఏడుపు మాని చెవిపోగు అందుకుని లాగాడు. ప్రాణం జివ్వుమన్నా ఆమె విడిపించుకోలేదు.

"ఇంకా ఎంత దూరం ఉందంటారు?"

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా?" ఆయన ఎదురుగా ఉన్న తెర చూపించాడు. నీలం రంగు సముద్రం మీద బొమ్మ విమానం, దాని కింద అంకెలు. "ఊరికీ ఊరికీ మధ్య మూడు వేల కిలోమీటర్లు. నాలుగు గంటల ప్రయాణం. సగం దాటేశాం."

"అప్పుడేనా?"

"నువ్వు తొందరపడితే పైలట్ గేరు మారుస్తాడా తల్లీ?" మామ్మగారు తన జోకుకి తనే నవ్వుకున్నారు.

పైలట్ ఆ మాట విన్నట్టే మైకులో పలికాడు. గాలి అనుకూలంగా ఉంది, అరగంట ముందే దిగబోతున్నాం అన్నాడు. ముందు వరసల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. ఆమె మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు.

"గాలికి అంత బలముంటుందా అన్నయ్యా?"

"ఉండదూ? వెనకనుంచి తోస్తోందిగా."

"మరి తిరిగొచ్చేటప్పుడు?"

"అప్పుడు ఎదురుగాలి. ప్రయాణం ఇంకా సాగుతుంది."

"అంతేలెండి" అని ఆమె పిల్లాడి మెడలో మొహం దాచుకుంది.

ఇంకో గంటకి విమానం ముక్కు కిందికి వంచింది. వాడి కళ్ళు మళ్ళీ మూతలు పడుతున్నాయి. ఆమె వేలు మళ్ళీ వాడి అరికాలి దగ్గరికి వెళ్ళింది. మామ్మగారు ఇక ఆగలేక రెండు చేతులూ చాపారు.

"ఇటు తే, నేను జోకొడతాను. నువ్వూ ఓ కునుకు తీద్దువుగాని."

"వద్దు!"

ఆ అరుపుకి పిల్లాడితో పాటు మామ్మగారూ ఉలిక్కిపడ్డారు. మాట అనబోయి, ఆమె చెంపలు తడిగా ఉండటం చూసి మెత్తబడ్డారు.

"ఏంటమ్మా ఇది? దిగాక మీకోసం ఎవరూ రావట్లేదా?"

"వస్తున్నారు. మా అక్కా, బావా."

"మరింకేం! వాళ్ళ పెద్దమ్మ చేతిలో పడేసి హాయిగా నడుం వాలుద్దువు. అందాకా వాణ్ణి పడుకోనివ్వు, పాపం."

ఆమె వాడి గడ్డం పట్టుకుని మెల్లగా తన వైపు తిప్పుకుంది. వాడు నిద్రమత్తులోనే నవ్వాడు.

"ఇంకాసేపు వాడి కళ్ళు చూసుకోనివ్వండి మామ్మగారూ. అక్కకి పిల్లల్లేరని మాటిచ్చేశాను. విమానం దిగాక వీడికి అమ్మ అదే... నేను పిన్నిని."