మూడోసారి కారిన బిళ్ల

"అడుగు గౌరయ్యా! నీళ్లు కారుతుంటె బండి ఎట్ల నడిపిండో అడుగు వాణ్ణి!"

అత్వెల్లి రోడ్డు పక్క రేకుల షెడ్డులో షఫీయుద్దీన్ గొంతు లారీల మోతను మించిపోయింది. ఆ 'వాడు' రెండడుగుల దూరంలోనే నిలబడి ఉన్నాడు. స్వయానా తమ్ముడు ముజమ్మిల్.

"నీళ్లు జూసుకోకుండ ఇంజన్ గాల్చింది ఎవరో ఆయన్నే అడుగు గౌరయ్యా. నిన్న బండి నా వంతు గాదు."

మెకానిక్ గౌరయ్య పికప్ బానెట్ కింద దూర్చిన తల బయటికి తీయలేదు. ఇంటి మధ్య గోడ లేచినప్పటి నుంచీ ఈ అన్నదమ్ములకు మాటల్లేవు. ఉమ్మడిగా మిగిలింది ఈ బండి ఒక్కటే. ఒకరోజు అన్న నడుపుతాడు, ఒకరోజు తమ్ముడు. రిపేరొస్తే మాత్రం ఇద్దరూ రావాల్సిందే. ఒకడు ఒంటరిగా వస్తే మంచి సామాను అమ్ముకుని పాతది బిగిస్తాడని రెండోవాడి అనుమానం. అన్న చెప్పిన మెకానిక్ తమ్ముడికి గిట్టడు, తమ్ముడు చెప్పినవాడు అన్నకు పనికిరాడు. ఇద్దరికీ కుదిరినవాడు గౌరయ్యే. ఇంట్లో పుట్టినప్పటి నుంచీ ఉర్దూ మాట్లాడినవాళ్లు, మధ్యలో సాక్షిగా ఉన్న గౌరయ్యకు అర్థం కావాలని తెలుగులో తిట్టుకుంటున్నారు. పంతం అంటే అదీ.

బండి వెనకాల టమాటాలు, ఆకుకూరలు ఎండకు వాడిపోతున్నాయి. అవి వంట వేళకు తుర్కపల్లి కంపెనీ క్యాంటీన్‌కు చేరాలి. ఇంకోసారి ఆలస్యమైతే మళ్లీ గేటు దగ్గరికి రావద్దని వాళ్లు చెప్పేశారు. గోడకు అటూ ఇటూ రెండు పొయ్యిలూ ఆ క్యాంటీన్ మీదే వెలుగుతున్నాయి.

"క్యాంటీన్ పోతే వాని పిల్లలు ఏం తింటరో అడుగు!"

"నా పిల్లల ముచ్చట ఆయనకేంది? నోరు దగ్గర పెట్టుకొమ్మను!"

షఫీయుద్దీన్ జాకీ రాడ్డు అందుకున్నాడు. ముజమ్మిల్ చొక్కా చేతులు పైకి లాగి ముందుకొచ్చాడు.

"కొట్టమను గౌరయ్యా! దమ్ముంటె కొట్టమను!"

అప్పుడు లేచింది గౌరయ్య తల.

"ఇంజన్ బ్లాకు పక్కన నీళ్లనాపే ఇనుప బిళ్ల ఉంటది గద. మల్ల గదే కారుతాంది. మార్చాలె."

"మల్ల గదేనా?" ఇద్దరూ ఒక్కసారే అన్నారు. చాలాకాలానికి మొదటిసారి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"పోయిన నెల మార్చింది గిదే గద!"

"దానికి ముందు గూడ గిదే! పాత బిళ్లనే రుద్ది పెడుతున్నడు భాయిజాన్!"

భాయిజాన్ అన్న మాట ఎలా జారిందో ముజమ్మిల్‌కే తెలియదు. షఫీయుద్దీన్ చేతిలోని రాడ్డు గౌరయ్య వైపు తిరిగింది. "అరే, మేం పాగల్ లెక్క ఒకరి మీద ఒకరం పడుతున్నం. అసలు దొంగవు నువ్వా!"

అక్కడి నుంచి తిట్లు ఉర్దూలోకి మారాయి. ఇక సాక్షితో పనిలేదు కదా. అన్న మొదలుపెట్టిన తిట్టును తమ్ముడు పూర్తిచేశాడు. గౌరయ్య పనితనం నుంచి అతని తాతముత్తాతల దాకా ఎవర్నీ వదల్లేదు.

గౌరయ్య మళ్లీ బానెట్ కిందికి దూరాడు. పాత బిళ్లను ఉలి పెట్టి కొట్టి ఊడదీశాడు. గాడి శుభ్రంగా తుడిచి, కొత్త బిళ్ల అంచుకు ఈసారి పేస్టు దట్టంగా పూసి, సుత్తితో లోపలికి కొట్టాడు. రేడియేటర్ నింపి ఇంజన్ స్టార్ట్ చేశాడు. చుక్క కూడా కారలేదు.

"నువ్వు నడుపు భాయిజాన్. నేను పక్కన కూసోని వేడి ముల్లు జూస్త. మల్ల కారిందనుకో, ఇద్దరం గల్సి వచ్చి వీని షెడ్డుకు తాళమేద్దం!" గౌరయ్యకు వినబడాలని ముజమ్మిల్ ఈ మాట మాత్రం తెలుగులో అన్నాడు.

"మేడ్చల్ దాక ఒక్క బండి వీని తానకు రాకుండ జేస్త!" అంటూ షఫీయుద్దీన్ గేరు వేశాడు. ముజమ్మిల్ వేరుగా వచ్చిన మోటార్‌సైకిల్ షెడ్డు ముందే ఉండిపోయింది.

బండి మలుపు తిరిగాక గౌరయ్య చేతులు తుడుచుకుని ఫోన్ తీశాడు. అవతల జహీరా, ఆ అన్నదమ్ముల తల్లి.

"అమ్మీ, నీ కొడుకులు ఇప్పుడే పోయిన్రు. ఇద్దరు ఒక్క బండ్లనే."

"నిజమా బిడ్డా? మాట్లాడుకున్నరా?"

"మాట్లాడుకునుడేంది, ఇద్దరు గల్సి నన్ను మస్తు తిట్టిన్రు. చిన్నోడు భాయిజాన్ అని గూడ అన్నడు."

అవతల కాసేపు ఏడుపు వినిపించింది. గౌరయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఇగ గీ తిట్లు నాతోని గాదు అమ్మీ. ఉన్న గిరాకీ పోయేటట్టుంది. ఈసారి బిళ్ల గట్టిగనే కొట్టిన."

ఏడుపు టక్కున ఆగింది.

"అయ్యో, గప్పుడే గట్టిగ కొట్టినవా బిడ్డా? రంజాన్ దాక వదులుగనే ఉంచుమన్న గద!"